లూగర్ పి.08: చాలా ఏళ్ళు వాడి, విప్పి చూశాక చెప్పే మాట

లూగర్ అనే పాత జర్మన్ పిస్టల్‌ను చూసి మోజుపడనివాళ్ళు తక్కువ. వంపు తిరిగిన పిడి, మోకాలిలా పైకి ముడుచుకునే టాగిల్ (కీళ్ళున్న పైముక్క), సన్నని బ్యారెల్ చూసి డబ్బు కట్టేస్తారు. తర్వాత ఒక్కో భాగం మీద ఒక్కో నంబరు కనబడి, వేర్వేరు పిస్టళ్ళ ముక్కలు కలిపారని తెలిసి గతుక్కుమంటారు. ఈ పిస్టల్‌లో అందం కన్నా ముందు చదవాల్సినవి నంబర్లు. ఇది వాడే 9 మి.మీ. తూటా మన దేశంలో నిషిద్ధ బోర్, అంటే మామూలు పౌరులకు అనుమతి లేని గొట్టం కొలత. కనుక ఈ మాటలు చట్టప్రకారం దీన్ని కొనుక్కోగల దేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం.

హ్యూగో బోర్చార్ట్ 1893 నాటి పిస్టల్‌ను గెయోర్గ్ లూగర్ చిన్నదిగా, చేతికి ఒదిగేలా మార్చాడు. 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం దాన్ని తీసుకున్నాయి. సైన్యం రకానికి బ్యారెల్ 100 మి.మీ., నౌకాదళం రకానికి 150, ఫిరంగిదళం రకానికి 200. మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి.

చేతిలోకి రాగానే మ్యాగజైన్ తీసేయండి. టాగిల్ గుండ్రటి బొడిపెలు రెండూ పట్టుకుని వెనక్కి, పైకి లాగి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) కళ్ళతో చూడండి. లోపల తూటా ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను పట్టి వెనక్కి లాగే కొక్కెం) కొద్దిగా పైకి లేచి, దాని పక్కన ‘గెలాడెన్’ అనే మాట కనబడుతుంది. అది సూచన మాత్రమే, కంటితో చూడటం మానొద్దు. సేఫ్టీ మీట దగ్గర ‘గెజిషెర్ట్’ కనబడుతుంటే తాళం పడినట్టు. ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకోండి: పైభాగాన్ని ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) నుంచి విడదీసినా, ఛాంబర్‌లో తూటా ఉంటే, పక్కనున్న సియర్ బార్ (పేల్చే సూదిని వదిలే కడ్డీ) నొక్కినప్పుడు పేలుతుంది.

ఇక గుర్తించడం. టాగిల్ మీది ముద్ర తయారీదారును చెబుతుంది: అల్లుకున్న అక్షరాల ‘డి.డబ్ల్యు.ఎం.’ కంపెనీ, కిరీటంతో ‘ఎర్ఫుర్ట్’ ప్రభుత్వ ఆయుధాగారం. మౌజర్ కంపెనీవాళ్ళవైతే రహస్య సంకేతాలు: ముందు ‘ఎస్/42’, 1939 నుంచి ‘42’, ఆపైన 1941, 1942ల్లో ‘బి.వై.ఎఫ్.’. సంవత్సరం ఛాంబర్ పైన ఉంటుంది. మౌజర్ 1934కు ‘కె’, 1935కు ‘జి’ అని ఒక్క అక్షరమే కొట్టింది. 1917 పైన 1920 అని రెండు సంవత్సరాలు కనబడితే మోసం అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీకి మిగిలిన కొద్దిపాటి సైన్యం తన ఆస్తి అని వేసుకున్న ముద్ర అది.

సైనిక పిస్టళ్ళ వరుస నంబరు 10,000 దాటగానే పక్కన చిన్న అక్షరంతో మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది, ఏటా ఇదే తంతు. కాబట్టి ఒకే నంబరుతో చాలా పిస్టళ్ళు ఉండొచ్చు. సంవత్సరం, నంబరు, అక్షరం మూడూ కలిపి రాసుకుంటేనే లెక్క. పూర్తి నంబరు ఫ్రేమ్ ముందువైపు, రిసీవర్ (బ్యారెల్ బిగించిన పైభాగం) ఎడమ పక్కన, బ్యారెల్ కింద ఉంటుంది. చివరి రెండంకెలు సైడ్ ప్లేట్, ట్రిగ్గర్, విప్పే మీట, టాగిల్ ముక్కలు, ఎక్స్‌ట్రాక్టర్ లాంటి చిన్న భాగాల మీద. భూతద్దం పట్టుకుని ఒక్కోటీ సరిచూడండి. బ్యారెల్ కింద ‘8,82’ లాంటి అంకె కనబడితే అది నంబరు కాదు, బోర్ కొలత.

నంబర్లన్నీ కలిసినా రంగు కలవకపోవచ్చు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఉక్కును నెమ్మదిగా తుప్పు పట్టించి నీలిపూత వేసే పాత పద్ధతి రోజుల్లో ట్రిగ్గర్, సేఫ్టీ మీట, విప్పే మీట, ఎజెక్టర్ (ఖాళీ గుల్లను బయటికి విసిరే ముక్క), మ్యాగజైన్ బొత్తం ఎండుగడ్డి రంగులో ఉండేవి. 1937లో మౌజర్ వేడి ఉప్పుద్రావణంలో ముంచే పద్ధతికి మారాక అవీ నీలిరంగే. 1917 నాటి పిస్టల్‌కు నీలి ట్రిగ్గర్ ఉంటే, లేదా 1942 దానికి బంగారంలా మెరిసే ట్రిగ్గర్ ఉంటే, ఎవరో చెయ్యి పెట్టినట్టే. పూత కింద తుప్పు గుంటలు కనబడటం, ముద్రల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తబడటం కూడా మళ్ళీ పూత వేయించారనడానికి గుర్తులు. అలాంటిదాని ధర సగానికి పడిపోవడం మామూలే. అందంగా ఉందని ఎక్కువ ఇవ్వకండి.

కాల్చే సుఖం మాటకొస్తే, పిడి వంపు వల్ల చెయ్యి చాచగానే గురి దానంతటదే కుదురుతుంది. ఈ విషయంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. ట్రిగ్గర్ మాత్రం నాకు నచ్చలేదు: కదలిక సైడ్ ప్లేట్ లోపలి మీట ద్వారా పక్కకు తిరిగి వెళ్తుంది కాబట్టి ఎక్కడ వదులుతుందో వేలికి తెలియదు. గుండు 124 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) బరువుండి, గుండ్రటి ముక్కు, పూర్తి రాగి తొడుగు ఉన్న తూటా వాడండి. బలహీనమైన తూటాకు టాగిల్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ తూటా గుల్ల నిలువుగా ఇరుక్కుంటుంది. మరీ బలమైనవి, ‘ప్లస్ పి’ రకంవి వేస్తే వందేళ్ళనాటి భాగాలు విరగొచ్చు. గుంట ముక్కువి చాలాసార్లు సరిగా లోపలికెక్కవు. పిస్టల్ తరచూ ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది మ్యాగజైన్ స్ప్రింగ్‌ను. ఇటలీ మెక్-గార్ కొత్త మ్యాగజైన్ పెట్టి చూడండి, చాలాసార్లు గొడవ అక్కడితో తీరుతుంది. కాల్చడానికి ముందు నంబరున్న ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజైన్ తీసి దాచి, కొత్తవి వేసుకోండి. విరిగిన ఎక్స్‌ట్రాక్టర్‌కు బదులు దొరుకుతుంది, దాని మీది రెండంకెలు దొరకవు.

విప్పడం తేలిక: ఖాళీ అని చూసుకుని, బ్యారెల్‌ను ఒక సెంటీమీటరు వెనక్కి నొక్కి, విప్పే మీటను కిందికి తిప్పి, సైడ్ ప్లేట్ ఎత్తి, పైభాగాన్ని ముందుకు జారుస్తారు. తప్పు జరిగేది బిగించేటప్పుడు. టాగిల్ వెనక వేలాడే కొక్కెం ఫ్రేమ్‌లోని ప్రధాన స్ప్రింగ్ మీటకు తగులుకోవాలి. టాగిల్ పైకెత్తితే స్ప్రింగ్ బిగువు తెలియకపోతే తగులుకోలేదన్నమాట, మళ్ళీ విప్పండి. చెక్క పిడి రేకులను ఊరికే తీయకండి. సేఫ్టీ మీట దగ్గర ఎడమ రేకు మూల ఇట్టే చిట్లుతుంది.

పాత తోలు హోల్‌స్టర్‌తో కలిసి దొరికితే అదృష్టమే. పిస్టల్‌ను మాత్రం అందులో పెట్టి దాచకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన రసాయనాలు పూతను తింటాయి. సన్నగా నూనె రాసి, గుడ్డ మీద విడిగా ఉంచండి, హోల్‌స్టర్‌ను పక్కన పెట్టండి.