బొంతలో గాలిగోపురం: పాలిస్టరా, నూలా?

పెన్న ఒడ్డున తీసిన రంగనాథస్వామి గాలిగోపురం ఫొటోను గుడ్డమీద అచ్చువేయించి బొంతలో కుట్టాలనుకున్నాను.

నెల్లూరులో సులువుగా దొరికేది సబ్లిమేషన్ అచ్చు. కప్పుల మీద బొమ్మలు వేసే అంగళ్లలో ఉండేది అదే. సుమారు 200 డిగ్రీల వేడికి రంగు ఆవిరై పాలిస్టర్‌లోకి దిగుతుంది, ఉతికినా పోదు. కానీ ఆ గుడ్డకు మడత నిలవదు. ఇస్త్రీపెట్టె మరీ వేడెక్కితే ముడుచుకుపోవచ్చు కూడా.

రియాక్టివ్ ప్రింట్ నూలుకు. రంగు పోగుతో రసాయనికంగా కలవాలి. అందుకే గుడ్డకు ముందే సోడా మందు పట్టించాలి, అచ్చయ్యాక ఆవిరి పట్టి, మిగులు రంగు పోయేదాకా ఉతకాలి. చిన్న అంగడిలో కుదిరే పని కాదు, ఖర్చూ ఎక్కువే. అయినా నేను నూలుకే మొగ్గుతాను. అమ్మమ్మ పాత నూలు చీరల పక్కన అదే ఒదుగుతుంది, సూది సాఫీగా దిగుతుంది.