రొయ్య రేటు జోస్యం చెప్పే ఆ పెయిడ్ గ్రూపుకి డబ్బు కట్టకండి

భీమవరం, ఆకివీడు వైపు చెరువులున్నవాళ్లు ఈపాటికే పోల్చేసుంటారు. రోజూ పొద్దున్నే యూట్యూబ్‌లో రొయ్య రేట్ల వీడియో పెట్టి, 'అసలు సంగతి పెయిడ్ టెలిగ్రామ్ గ్రూపులో చెప్తా' అనే ఆయనే.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద ముందు 25 శాతం సుంకం వేసింది, 27 నుంచి ఇంకో 25. ఈక్వెడార్‌కి 15తో సరిపెట్టింది. సారు మాత్రం 'ఏప్రిల్లో 90 రోజులు వాయిదా వెయ్యలేదా, ఇదీ అంతే, పట్టుబడి (చెరువులో రొయ్య పట్టి అమ్మడం) ఆపి రొయ్యని ఇంకా పెద్దది చెయ్యండి' అన్నారు. కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. అమెరికా ఎక్కువగా కొనేది 30, 40, 50 కౌంట్లే, సుంకం దెబ్బ ముందు తగిలేదీ వాటికే. వంద కౌంటుని ఆపి పెంచడమంటే సరుకుని ఎదురెళ్లి ఆ దెబ్బ కింద పెట్టడమే. ఈ ముక్క కమీషన్ కుర్రాడిని అడిగినా చెప్తాడు, విశ్లేషకుడు గారికే తట్టలేదు!

పోనీ, అంచనా తప్పడం నేరమేం కాదు. ఆ తర్వాత చేసిందే దారుణం. 'ఆపమన్నారు కదండీ' అని గ్రూపులో అడిగితే వచ్చిన జవాబు: 'పరిస్థితిని బట్టి ఆపమన్నాను. మార్కెట్ అర్థం కానివాళ్లు చెరువు పూడ్చి కొబ్బరి మొక్కలు వేసుకోండి.' పిన్ చేసిన పాత మెసేజ్ తెరిచి చూస్తే టైము పక్కన 'ఎడిటెడ్' అని ఉంది. 'పరిస్థితిని బట్టి' అన్న మాట అప్పటికప్పుడు మొలిచిందన్నమాట. ఆ స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లు మరుక్షణం గ్రూపు బయట. డబ్బిచ్చి మరీ తిట్టించుకోవడమంటే ఇదే.

యూట్యూబ్‌లోనూ అంతే, వీడియో టైటిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్రశ్నించినవాళ్లని చానెల్ నుంచి హైడ్ చేస్తే మన కామెంటు మనకి కనిపిస్తూనే ఉంటుంది, మిగతావాళ్లకి కనపడదు. వేరే ఫోన్‌లో తెరిచి చూడండి, 'సూపర్ సార్'లు తప్ప ఏమీ ఉండవు.

ధాన్యమైతే బస్తాల్లో పెట్టి ఆగొచ్చు. రొయ్యని ఆపితే రోజూ మేత, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకి కరెంటు, చెరువు అడుగు పాడై అమ్మోనియా. వైట్ స్పాట్ (తెల్లమచ్చల వైరస్ రోగం) తగిలితే రాత్రికి రాత్రే పట్టుబడి, కొనేవాడు చెప్పిందే రేటు. కంగారులో రొయ్య పొర (పెంకు) వదిలే రోజున పట్టారా, మెత్తరొయ్య అని రేటు ఇంకా కోస్తాడు.

ఎవరి జోస్యమైనా వినేముందు ఏ కౌంటు, ఎంత రేటు, ఏ తేదీలోగా అని అడగండి. మూడూ చెప్పకపోతే అది అంచనాయే కాదు. చెప్తే తేదీ కనపడేలా స్క్రీన్ రికార్డు చేసి దాచుకోండి, గ్రూపులోంచి తీసేశాక ఏదీ దొరకదు.