ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్: నాలుగు నెలలు వాడాక ఒక అమ్మ రాస్తున్న రివ్యూ

మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. తనది ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్, అంటే 18 లోపు పిల్లలకు ఇచ్చే అకౌంట్. దానికి నాలుగు నెలల కింద పేరెంట్ సూపర్‌విజన్ (పిల్లల వాడకాన్ని అమ్మానాన్నలు గమనించే ఏర్పాటు) పెట్టాను. పెట్టాలా వద్దా అని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

పెట్టండి. టీన్ అకౌంట్ 2025 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది, పైసా ఖర్చు లేదు. అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు మోగవు, 16 నిండనివాళ్లు వీటిని సడలించుకోవాలంటే మన అనుమతి కావాలి. ముందు పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉందో లేదో చూడండి, ఎక్కువ వయసు వేసుకుని ఉంటే ఇవేవీ వర్తించకపోవచ్చు. గంట దాటితే చాలని గుర్తు చేస్తుంది గానీ, దాన్ని పక్కకు తోసేసి మళ్లీ చూసుకోవచ్చు, నిజంగా ఆగాలంటే సూపర్‌విజన్‌లో రోజువారీ లిమిట్ మనమే పెట్టాలి. ఆ సూపర్‌విజన్ కూడా పిల్లలు ఒప్పుకుంటేనే మొదలవుతుంది. మా ఇంట్లో ఒప్పించడానికి వారం పట్టింది, ఏడుపులూ అలకలూ అన్నీ అయ్యాయి.

నాకు అసలు పనికొచ్చింది వేరే. గత 7 రోజుల్లో పిల్లలు ఎవరితో చాట్ చేశారో సూపర్‌విజన్‌లో కనిపిస్తుంది, ఏం మాట్లాడుకున్నారో కనిపించదు (కనిపించకపోవడమే మంచిది). ఎవరెవరి పేర్లుంటాయో అని భయపడుతూనే తెరిచా. ఒక్కటే పేరు. నిజామాబాద్ బడిలో తన పక్కన కూర్చునే పిల్ల. మేం హైదరాబాద్ వచ్చి ఏడాది దాటింది, ఇక్కడి బడిలో పిల్ల ఒక్కతి కూడా లేదు.

ఆవకాయ సీసాకు ఫోన్ ఆనించి, కంచంలో పెరుగన్నం ఎండిపోతున్నా రీల్స్ జరుపుకుంటూ కూర్చునేది. నేనది పొగరనుకుని ఎన్నిసార్లు తిట్టానో. ఆ రోజు తిట్టకుండా అడిగితే, "అవి చూస్తున్నంతసేపు బడి గుర్తు రాదమ్మా" అంది. లంచ్ టైంలో ఒక్కతే తింటోందట, ఏడాదిగా.

లిమిట్ పెట్టేసి ఊరుకుని ఉంటే గంట కాగానే యూట్యూబ్‌కు వెళ్లేది, ఎందుకంటే ఈ లిమిట్ ఆ ఒక్క యాప్‌కే. అందుకే 5కు 4 ఇస్తున్నా. క్లాస్ టీచర్‌ను కలిసి మాట్లాడాం, ఇద్దరు ఆడపిల్లల మధ్య కూర్చోబెట్టారు, ఇంకా పెద్దగా కలవలేదు. ఆదివారాలు మాత్రం నా ఫోన్ తనకే ఇచ్చేస్తున్నా, నిజామాబాద్ పిల్లకు వీడియో కాల్ చేసుకుంటుంది, గంటలు లెక్కపెట్టట్లేదు.