సిక్లిడ్ తొట్టికి లైటు కొంటున్నారా? ముందు దాని మీది స్టిక్కరును గోటితో గీకి చూడండి

దుకాణం నుంచి ఇంటికి వచ్చి రెండు గంటలు కూడా కాలేదు. కోపం చల్లారాక రాస్తే కొన్ని విషయాలు మెత్తబడిపోతాయన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. హైదరాబాదులో ఆఫ్రికన్ సిక్లిడ్లు (అక్వేరియంలో పెంచే రంగురంగుల చేపలు) పెంచేవారికి ఆ దుకాణం కొత్త కాదు, మనలో చాలామంది మొదటి ఎల్లో ల్యాబ్‌ను, అంటే పసుపు రంగు సిక్లిడ్‌ను, కొన్నది అక్కడే. దాని పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాస్తాను.

మాది నాలుగడుగుల తొట్టి. అందులో ఉన్నవన్నీ ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లే: ఎల్లో ల్యాబ్‌లు, రస్టీలు, ఎసైలు అనే రకాలు కలిపి పద్దెనిమిది. మా బోరు నీళ్ల కఠినత్వం ఈ జాతికి సరిపోవడం వల్ల నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా పెరుగుతున్నాయి. పాత ట్యూబ్‌లైటు పాడైపోవడంతో పోయిన నెలాఖరున ఆ దుకాణానికి వెళ్లి, మొక్కలు లేని సిక్లిడ్ తొట్టికి సరిపోయే లైటు కావాలని అడిగాను. దుకాణదారు సిక్లిడ్లకే ప్రత్యేకంగా తయారైనదని చెబుతూ తెలుపు, నీలం, గులాబీ రంగులు కలిసిన పొడవాటి ఎల్‌ఈడీ లైటును చూపించాడు. నీళ్లలో మునిగినా ఏమీ కాదని, స్టిక్కరు మీద ఐపీ 68 (నీటిని ఎంత తట్టుకోగలదో చెప్పే అంకె) అని ఉండటాన్ని స్వయంగా వేలు పెట్టి చూపించాడు. ధర 4,800 రూపాయలు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద మొత్తం రాసి ముద్ర వేసి ఇచ్చాడు, జీఎస్టీ బిల్లు తరువాత ఇస్తానన్నాడు.

మొదటి రోజే చేపలు రాళ్ల సందుల్లోకి దూరి బయటికి రాలేదు. చేపలకు కనురెప్పలు ఉండవు కాబట్టి చీకట్లోంచి ఒక్కసారిగా అంత వెలుగు మీద పడితే అవి బెదిరిపోతాయి. ఈ లైటుకు వెలుగును తగ్గించే వీలే లేదు. స్విచ్ వేయగానే ఒక ఎసై అడ్డదిడ్డంగా దూసుకుపోయి రాయికి కొట్టుకుంది, దాని ఒంటి మీద నాలుగైదు పొలుసులు ఊడిపోయాయి. గులాబీ వెలుగులో రస్టీలు ఎర్రగా మెరిశాయే గాని ఎల్లో ల్యాబ్‌ల పసుపు మురికి నారింజలా మారిపోయింది. అలవాటు పడతాయిలే అనుకొని ఊరుకున్నాను. అది నా మొదటి తప్పు.

పదకొండో రోజు ఉదయం మేత వేయడానికి మూత జరుపుతుంటే ఎడమచేయి లైటు అల్యూమినియం బాడీకి తగిలింది, కుడిచేతి వేళ్లు నీళ్లలో ఉన్నాయి. మోచేతి దాకా జివ్వుమంది. డబ్బా చేతిలోంచి జారిపోయి మేతంతా నేల మీద పడింది. పక్కవీధి ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, అతను ఆ బాడీకి టెస్టర్ ఆనించగానే దాని దీపం వెలిగింది. "అక్కా, దీనికి ఎర్త్ లేదు, రెండు పిన్నుల ప్లగ్గే ఇచ్చారు, 230 వోల్టులు నేరుగా లోపలికి వెళ్తున్నాయి, చివరి బిరడా దగ్గర నీళ్లు దిగాయి" అని లైటును వెలుగుకు ఎదురుగా పట్టి చూపించాడు. ప్లాస్టిక్ పలక లోపలివైపు నీటిబొట్లు వరుసగా అంటుకొని ఉన్నాయి. మా పాత అపార్ట్‌మెంటులో ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి నేలకు పారితే సరఫరాను ఆపేసే స్విచ్) లేదు, ఉండి ఉంటే ఒంటి గుండా ప్రమాదకరమైన కరెంటు పారగానే అది సరఫరాను ఆపేసేది. ఆ చేపలకు రోజూ సాయంత్రం మేత వేసేది మా ఆరేళ్ల పాప. ఆ ఉదయం తగిలినది నా చేయి కావడం కేవలం అదృష్టం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తోంది.

ఇక ఈ సాయంత్రం జరిగినది చెబుతాను. లైటును, కాగితాన్ని తీసుకొని దుకాణానికి వెళ్లాను. అప్పటికి లోపల ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులు ఉన్నారు. అతను లైటును తిప్పి చూసి, లోపలి నీటిబొట్లను గమనించి, "మీరు నీళ్లలో పడేసి ఉంటారు మేడం, దీనికి వారంటీ వర్తించదు" అన్నాడు. నీళ్లలో మునిగినా ఏమీ కాదని చెప్పి అమ్మినది మీరే కదా, ఇదిగో ఐపీ 68 అని రాసి ఉంది కదా అని వెనకవైపు వైరు పక్కనున్న వెండిరంగు స్టిక్కరును చూపించాను. అతను ఏ మాత్రం తడుముకోకుండా బొటనవేలి గోరును ఆ స్టిక్కరు అంచు కిందికి పోనిచ్చి, నెమ్మదిగా, చిరగకుండా ఊడదీశాడు. దాని కింద లోహం మీదే బూడిదరంగులో సన్నగా అచ్చువేసిన అక్షరాలు బయటపడ్డాయి: ఐపీ 44. ఊడదీసిన స్టిక్కరును గల్లాపెట్టె అంచుకు అతికించి, "అది మేం వేసుకున్న స్టిక్కరు మేడం, అడిగినవాళ్లకు చూపించడానికి. కంపెనీ రాసింది ఇదే, మీరు చదువుకోవాలి కదా" అన్నాడు. సగం తెరిచి ఉన్న సొరుగులో అవే స్టిక్కర్ల చుట్ట ఒకటి నా కళ్లముందే కనిపించింది.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. మోసం బయటపడితే ఎవరైనా తడబడతారు, బుకాయిస్తారు, కనీసం కళ్లు దించుకుంటారు. ఇతను మాత్రం తన మోసాన్ని తన చేత్తోనే ఒలిచి చూపించి, దాన్నే నా తప్పుకు రుజువుగా నిలబెట్టాడు. మా పాప రోజూ ఆ తొట్టిలో చేయి పెడుతుందని చెప్పాను. దానికి అతను, "ఇంట్లో మగవాళ్లను పంపించండి మేడం, వాళ్లకైతే చెబితే అర్థమవుతుంది" అని, నా వెనకనున్న అతనికి ఫిల్టర్ చూపించడానికి లేచి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆ తొట్టిని కట్టించింది, నాలుగేళ్లుగా వారం వారం నీళ్లు మారుస్తున్నది, పీహెచ్ చూస్తున్నది నేనే. ఆ దుకాణంలోనే నాలుగేళ్లలో ఎంత ఖర్చు పెట్టానో అతనికి తెలుసు. ఆ స్టిక్కరును గల్లాపెట్టె అంచు నుంచి తీసుకొని సంచిలో వేసుకొని వచ్చేశాను. రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు.

నన్ను నేను కూడా క్షమించుకోలేకపోతున్నాను. ఐపీ అంకెల అర్థం నాకు తెలియనిది కాదు. 44 అంటే చిందిన నీటిని తట్టుకోగలదని మాత్రమే, 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకుంటుందని, 68 అంటే తయారీదారు చెప్పిన లోతులో ఎడతెగకుండా మునిగి ఉండగలదని అర్థం. అలాంటి అంకెను కేవలం స్టిక్కరు మీద చూసి నమ్మాను, బిల్లు లేకుండా డబ్బు కట్టాను, చేపలు బెదురుతున్నా లైటును వెనక్కి తీసుకెళ్లలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ చేపలకు ఇంత లైటు అక్కరలేదని తెలిసి కూడా 'సిక్లిడ్ స్పెషల్' అన్న మాటకు లొంగిపోయాను. మలావీ సరస్సులో ఈ చేపలు ఎక్కువగా రాళ్ల మీద, మునిగిన దుంగల మీద పెరిగే నాచును, అందులోని చిన్న జీవులను తింటాయి. ఆ నాచు మన తొట్టిలోనూ పెరగాలంటే మామూలు తెల్లని వెలుగు రోజుకు ఎనిమిది గంటలు పడితే చాలు. దుకాణాల్లో కనిపించే గులాబీ, ఎరుపు లైట్లు చేపల కోసం పెట్టినవి కావు, కొనేవారి కళ్ల కోసం పెట్టినవి. అందుకే చేపలను కొనేటప్పుడు కూడా తెల్లని వెలుగులో చూపించమని అడగండి.

ఫిర్యాదు సంగతి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. నేను కొని ఇంకా 30 రోజులు కాలేదు, ఫోన్‌లో డబ్బు కట్టిన ఆధారం ఉంది, ఆ తెల్లకాగితం ఉంది, స్టిక్కరు ఉంది. రేపు ఉదయం 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు విలువకు అక్కడ రుసుము కూడా ఉండదు.

మిగిలినది క్లుప్తంగా చెబుతాను. నీళ్ల పైన ఉండే లైటు 230 వోల్టులది కాకుండా, అడాప్టర్ దూరంగా ఉండే 12 లేదా 24 వోల్టులదైతే మేలు. పసుపు చేపలకు 6,500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) తెలుపు బాగుంటుంది, నీలం చేపలే ఎక్కువగా ఉంటే 10,000 దాకా వెళ్లవచ్చు. లైటుకూ నీళ్లకూ మధ్య గాజు మూత తప్పనిసరిగా ఉండాలి. వైరును ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడేలా అమర్చితే, దాని వెంట జారిన నీళ్లు సాకెట్‌లోకి వెళ్లకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే పెట్టించండి, మా ఇంట్లో రేపే పెట్టిస్తున్నాను. ఉదయం ముందు గది లైటు వేసి, పది నిమిషాల తరువాత తొట్టి లైటు వేయండి. మా చేపలు ప్రస్తుతం గోడ అరకు బిగించిన మామూలు పొడవాటి ఎల్‌ఈడీ లైటు (బాటెన్) వెలుగులో ఉన్నాయి. దెబ్బ తగిలిన ఎసై కూడా ఈ సాయంత్రం రాళ్లలోంచి బయటికి వచ్చింది.

గత రెండు మూడు నెలల్లో ఎవరైనా వెండిరంగు స్టిక్కరున్న నాలుగడుగుల లైటును, మూడు రంగులు కలిసినదాన్ని ఆ దుకాణంలో కొని ఉంటే, దయచేసి ఈ రాత్రికి స్విచ్ ఆపడం మాత్రమే కాదు, ప్లగ్గు కూడా పీకేయండి. తొట్టిలో చేయి పెట్టడం ఆ తరువాతే. లైటు తీశాక వెనక వైరు పక్కన గోటితో గీకి, కింద ఏ అంకె ఉందో ఫొటో తీసి నాకు పంపండి, ఫిర్యాదుకు జత చేస్తాను.