కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22: చాలాకాలం వాడాక

లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చెయ్యడం పావుగంట, ఇరవై నిమిషాల పని. అసలు పనంతా దానికి ముందు, విండోస్ 11 లోపలే ఉంటుంది. తొందరపడి పెన్‌డ్రైవ్ పెట్టేసేవాళ్లే తర్వాత తిప్పలు పడతారు.

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాని తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త లాప్‌టాప్‌లో, మనం అడగకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. అలాంటప్పుడు బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ కాగానే, విండోస్‌కి ముందే నడిచే సెట్టింగ్స్‌లో) చెయ్యి పెడితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. పనిలో పనిగా పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసెయ్యండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, మింట్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడానికి తప్ప రాయడానికి ఒప్పుకోదు.

తర్వాత మింట్‌కి చోటు కోసం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని ష్రింక్ చెయ్యాలి, అంటే కుదించాలి. బోలెడు ఖాళీ ఉన్నా అది కొద్ది జీబీలే ష్రింక్ చేస్తానంటే, మధ్యలో పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు అడ్డం కూర్చున్నాయన్నమాట. మూడూ ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే దారికొస్తుంది. మింట్ 20 జీబీలో పడుతుంది గానీ, టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్‌లు (ఏదైనా చెడితే సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకునే నకళ్లు) కూడా అక్కడే పెడితే త్వరగా నిండిపోతుంది. 100 జీబీ ఇవ్వడం మేలు.

ఇంటెల్ లాప్‌టాప్‌లో డిస్క్ ఆర్ఎస్‌టీ (ఇంటెల్ సొంత స్టోరేజ్ పద్ధతి) మోడ్‌లో ఉంటే ఇన్‌స్టాలర్ ముందుకు కదలదు. బయోస్‌లో నేరుగా మామూలు పద్ధతైన ఏహెచ్‌సీఐకి మార్చేస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. కాబట్టి ముందు విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి మోడ్ మార్చి, విండోస్‌ని ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరవాలి. ఏహెచ్‌సీఐ డ్రైవర్ అప్పుడు ఎక్కుతుంది. తర్వాత ఆ టిక్ తీసెయ్యాలి.

సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపక్కర్లేదు. ఆడియో, వీడియోల కోసం మల్టీమీడియా కోడెక్‌ల టిక్ పెడితే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీబూట్‌లో వచ్చే నీలి తెరలో 'ఎన్‌రోల్ మోక్' (మన తాళంచెవిని నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. అది దాటిపోతే, ఎన్విడియా డ్రైవర్ తర్వాత ఎక్కించినా లోడ్ కాకపోవచ్చు. డ్రైవర్ పాడైందని మళ్లీ మళ్లీ ఎక్కించేవాళ్లు చాలామంది, తప్పు అక్కడ ఉండదు.

లాప్‌టాప్ ఎంత కొత్తదైతే కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే లినక్స్ మూలభాగం) అంత కొత్తది కావాలి. రియల్‌టెక్ 8852బీఈ వైఫై చిప్‌కి డ్రైవర్ కెర్నల్ 6.2లో వచ్చింది. అందుకే 6.1తో వచ్చిన డెబియన్ 12 అనే మరో లినక్స్‌లో దానికి వైఫై ఉండదు, 6.8తో వచ్చిన మింట్ 22లో ఉంటుంది. అంతకంటే కొత్త చిప్ అయితే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి, అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి కొత్త కెర్నల్ దించుకోవచ్చు. పాతది తీసెయ్యకండి, కొత్తది మొరాయిస్తే, ఆన్ చెయ్యగానే ఏది బూట్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో అదే దిక్కు.

రోజువారీ వాడకంలో నాకు నచ్చనిది లాప్‌టాప్ నిద్ర (స్లీప్) ఒక్కటే. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో దాదాపు అంతా ఆగిపోయే పాత ఎస్3 స్లీప్ లేదు, సగం మెలకువలో ఉండే ఎస్0 మాత్రమే. మూత వేసి వదిలేస్తే తెల్లారేసరికి చార్జి బాగా దిగుతుంది. రాత్రిళ్లు షట్‌డౌన్ చెయ్యడమే నయం. వేలిముద్ర సెన్సర్ పనిచేస్తే అదృష్టం. విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తుంది, ఎందుకంటే మింట్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో మింట్‌ని లోకల్ టైమ్‌కి మారిస్తే సరి.

తెలుగు విషయంలో లోటు లేదు. కీబోర్డ్ లేఅవుట్లలో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) అలవాటున్నవాళ్లకి ఐబస్ అనే టైపింగ్ సదుపాయంతో ఎం17ఎన్ ఉంది. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. లిబ్రే ఆఫీస్‌లో వత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుంటాయి. చిక్కల్లా డీటీపీ వాళ్లకి: అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు ఇక్కడ తెరిచి దిద్దలేరు, యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే. ఆ పని రోజూ ఉన్నవాళ్లు విండోస్ పార్టిషన్‌ని ఉంచుకోవాలి.