హనుమకొండలో మా ఇంటి సీసీ కెమెరాలు: 2021 నుంచి వాడాక

'ఒక సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం' అన్న బోర్డు తెలంగాణలో చూడని ఊరు ఉండదు. ఆ లెక్కన మా ఇంటికి 2021 నుంచి నాలుగు వందల మంది పోలీసులు కాపలా ఉన్నారు. వాళ్ల పనితీరు ఎలా ఉందో రాద్దామని ఇది.

ముందు సామాను సంగతి. గేటు, వరండా, మెట్లు, పెరడు, మొత్తం నాలుగు చోట్ల 2 మెగాపిక్సెల్ కెమెరాలు. అల్మారాలో ఒక డీవీఆర్, అంటే నాలుగు కెమెరాల వీడియోను రికార్డ్ చేసే పెట్టె, దాంట్లో 1 టీబీ (సుమారు వెయ్యి జీబీ) హార్డ్‌డిస్క్. వైఫై కెమెరాలు చవకగా వస్తాయని తమ్ముడు అన్నాడు కానీ, హాల్లో ఉన్న రూటర్ సిగ్నల్ మా గేటు దాకా రాదు. పైగా వాటిలో చాలావరకు రికార్డింగ్ అంతా కెమెరాలోని మెమరీ కార్డులోనే ఉంటుంది. దొంగ కెమెరా పీక్కుపోతే సాక్ష్యం కూడా వాడి జేబులోకే పోతుంది. గోడల మీద వైర్లు లాగడం చూడ్డానికి బాగోకపోయినా డీవీఆర్ పద్ధతే నయం.

పగటి బొమ్మకు పేరు పెట్టక్కర్లేదు. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో మొహం స్పష్టంగా తెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో ఈ కెమెరాలు ఎక్కువగా పనికొచ్చింది దొంగల విషయంలో కాదు, కొరియర్ల విషయంలో. 'వచ్చాం, తలుపు తాళం వేసి ఉంది' అని మెసేజ్ వస్తుంది. ఆ గంటలో మా వీధిలోకి ఒక ఆవు, ఇస్త్రీ బండి తప్ప ఏమీ రాలేదని వీడియో చూపిస్తే మర్నాడు పొద్దున్నే పార్సిల్ చేతికొస్తుంది.

రాత్రి కథ వేరు. చీకటి పడగానే కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, బొమ్మ నలుపు తెలుపుకు మారుతుంది. ఆ లైట్లకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, సరిగ్గా అద్దం ముందే గూడు కడుతుంది. అంత దగ్గర్లో లైటు పడేసరికి సన్నటి దారం కాస్తా స్క్రీన్ మీద తెల్లటి మోకులా కనిపిస్తుంది. గాలికి అది ఊగిన ప్రతిసారీ ఫోన్‌లో 'కదలిక గుర్తించబడింది' అని అలారం. మొదటి వర్షాకాలంలో ఈ టెన్షన్‌తో నిద్ర కరువైంది. ఇప్పుడు వారానికోసారి బూజు కర్ర పట్టుకుని నాలుగింటినీ దులపడం ఇంటి పనుల్లో ఒకటైపోయింది. ఈ సంగతి కెమెరాలు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

అసలు పరీక్ష ఎదురింటి వాళ్ల బైక్ పోయిన రాత్రి వచ్చింది. తెల్లారి కానిస్టేబుల్ వచ్చి ఫుటేజ్ చూపించమన్నాడు. ఇద్దరు మనుషులు, మొహాలకు తువ్వాళ్లు. బండిని కొంత దూరం తోసుకుంటూ పోయి స్టార్ట్ చేశారు. వాళ్లు వచ్చిన బండి నంబరు ప్లేటు మాత్రం తెల్లటి మచ్చ. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో ఇలాంటి కెమెరా నంబరు చదవలేదు, దానికి షట్టర్ వేగం ఎక్కువ పెట్టిన ప్రత్యేక కెమెరాలే కావాలి. పైగా డీవీఆర్ గడియారం పావుగంటకు పైగా వెనక నడుస్తోంది. బిగించినతను చేత్తో టైం పెట్టి వెళ్లాడు, ఇంటర్నెట్ నుంచి టైం తీసుకునే సెట్టింగ్ ఆన్ చేయలేదు. ఆ తేడా కానిస్టేబుల్ తన ఫోన్ పక్కన పెట్టి చూసి ముందే పట్టేశాడు. వాళ్లకు ఇది అలవాటేనట, ఏ ఇంటికి వెళ్లినా మొదట గడియారమే చూస్తారట.

బండి తర్వాత దొరికింది. మా కెమెరా పట్టించిందని చెప్పలేను. వాళ్లు ఎన్ని గంటలకు ఎటు తిరిగారో చెప్పింది, అక్కడి నుంచి చౌరస్తా కెమెరాలు అందుకున్నాయి. వంద మంది పోలీసుల సంగతేమో గానీ, దారి చెప్పే పాన్‌డబ్బా మనిషి పాటి పని మాత్రం చేసింది.

ఫుటేజ్ ఇవ్వడం కూడా చెప్పినంత సులువు కాదు. మా డీవీఆర్ వీడియోను హెచ్.265 పద్ధతిలో కుదించి దాస్తుంది, అది పాత కంప్యూటర్లలో తెరుచుకోదు. పెన్‌డ్రైవ్‌లో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కూడా వేసి ఇస్తే రెండోసారి తిరగక్కర్లేదు. కేసు కోర్టు దాకా వెళితే ఉత్త పెన్‌డ్రైవ్ చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఆ వీడియో ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలి. అందుకని డీవీఆర్‌లోని అసలు రికార్డింగ్ చెరిగిపోకుండా చూసుకోవాలి.

చెరిగిపోవడం అంటే ఇదీ లెక్క. 'నెల రోజుల రికార్డింగ్ వస్తుంది మేడమ్' అన్నాడు బిగించినతను. ఒక్కో కెమెరా సుమారు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున రాస్తే రోజుకు 21 జీబీ పైమాటే. నాలుగు కలిపి 86 జీబీ. 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకు నిండి, పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసేలా పెడితే ఎక్కువ రోజులు రావాలి, కానీ మా సాలీళ్లు ఒప్పుకోవు. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు ఉండాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ఫుటేజ్ 30 రోజులు దాచమంటుంది. ఇళ్లకు ఆ నియమం లేదు, అయినా ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చేవాళ్లకు పదకొండు రోజులు ఏ మూలకు?

కరెంటు పోతే అన్నీ గుడ్డివే. డీవీఆర్‌ను, కెమెరాల పవర్ సప్లైని ఇన్వర్టర్ లైనుకు కలపమని మొదటే చెప్పండి. అన్నీ కలిపినా ఒక పాత ట్యూబ్‌లైట్ పాటి కరెంటే తింటాయి. వానకు కనెక్టర్లు తుప్పు పట్టి బొమ్మ మీద గీతలు వస్తాయి, ముందే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూస్తే ఆ బాధ ఉండదు.

పాస్‌వర్డ్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మాకు బిగించినతను తను పనిచేసిన ఇళ్లన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టాడు. యాప్ ఖాతా కూడా తన ఫోన్ నంబరు మీదే తెరిచాడు. అంటే మా వరండా ఎప్పుడు ఖాళీగా ఉందో మాకంటే ముందు అతనికి తెలిసే ఏర్పాటు. మనిషి మంచివాడే, కానీ తాళంచెవి వీధిలో ఇంకొకరి దగ్గర ఉండటం ఏం భద్రత? 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఇలా కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలోకే లక్షల సంఖ్యలో దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. మన దగ్గర కూడా 2025 ఏప్రిల్ నుంచి అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షల నిబంధన వచ్చింది. మాది అంతకు ముందుది కాబట్టి పాస్‌వర్డ్, ఖాతా మార్చి, మైక్ ఆపేశాం.

మైక్ ఆపింది పక్కింటి పిన్ని కోసం కూడా. గేటు కెమెరాలో వాళ్ల బట్టలుతికే గట్టు సగం పడేది. ఆవిడ గోడ దగ్గరికొచ్చి మామూలుగా మాట్లాడటం మానేసి, 'మీ కెమెరా వింటోందా అమ్మా' అని మొదలుపెట్టేది. డీవీఆర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, బొమ్మలో కావలసిన భాగానికి నల్ల డబ్బా పెట్టొచ్చు. పెట్టి, పిలిచి చూపించాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఇక డాలస్‌లో ఉన్న తమ్ముడు. వాడికిది సెక్యూరిటీ కాదు, బెంగకు మందు. అక్కడ రాత్రి పడుకోబోయే ముందు మా పొద్దుటి వాకిలి చూస్తాడు. 'అక్కా, గేటు తీసే ఉందేంటి? అమ్మ ఇంకా ముగ్గు వేయలేదేంటి?' అని ఫోన్. కొన్నాళ్లకు హాల్లో, అమ్మ గదిలో కూడా ఒక్కోటి పెడదామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. 'నేను పడితే బాత్రూమ్‌లో పడతాను, అక్కడ కూడా పెడతావురా?' అంది. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

హార్డ్‌డిస్క్ ఈమధ్య శబ్దం చేస్తోంది, మార్చాలి. ఈసారి 2 టీబీది వేయిస్తాను. కొత్త కెమెరాల డబ్బుతో బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రెండు స్టీలు కడ్డీలు, అమ్మ మంచం పక్కన మా గదిలో మోగే బెల్లు పెట్టించాం.