పాత ఫ్రెంచి అచ్చు గుడ్డ కిటికీకి: రాగి పలకదా, రోలర్‌దా?

ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గరి జూయీలో ఒబెర్‌కాంఫ్ అనే ఆయన గుడ్డలు అచ్చువేసే కార్ఖానా 1760లో మొదలైంది. 1770 నుంచి రాగి పలకలతో, 1797 నుంచి రాగి రోలర్లతో అచ్చువేసింది. భారతీయ నూలు అచ్చు గుడ్డలపై, వాటిని చూసి తమ దేశంలో అచ్చువేయడంపై ఫ్రాన్సు 1686లో పెట్టిన నిషేధం 1759లో ఎత్తేశాకే ఇదంతా. ఆ గుడ్డల్లో మన కోరమండల్ తీరపు సరుకూ ఉంది.

పలక అచ్చులో బొమ్మ మీటరు ఎత్తు వరకూ సాగుతుంది, అందుకే పొడవాటి కిటికీకి నప్పుతుంది. పలక పలకకీ మధ్య అతుకు కాస్త జరిగి కనిపించడం లోపం కాదు, పలక అచ్చుకి గుర్తు. రోలర్ బొమ్మ సాధారణంగా అర మీటరు లోపే మళ్లీ వస్తుంది. చిన్న కిటికీకి, పైన కట్టే ఝాలరుకి అదే మేలు, ముక్కలు కలపడంలో గుడ్డ తక్కువ వృథా అవుతుంది.

కొనేటప్పుడు అచ్చు పద్ధతి కన్నా రంగు ముఖ్యం. పటికతో గుడ్డకి పట్టించిన మంజిష్ఠ వేరు ఎరుపు గట్టిది. ఇనుముతో పట్టించిన నలుపు, ముదురు గోధుమ, ఊదా గీతల దగ్గర నూలు పెళుసై చిల్లులు పడుతుంది. అలాంటిది ఎంత అందంగా ఉన్నా కిటికీకి వద్దు.

పలకదైనా, రోలర్‌దైనా కొక్కేలు పాత గుడ్డలో గుచ్చకూడదు. కొత్త నూలు అస్తరు వేసి, పైపట్టీని దానికే కుట్టి, బరువు దాని మీదే పడనివ్వాలి. రోజూ లాగే తెర కాకుండా పక్కన కదలని పరదాగా వాడాలి. తడి తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూడకుండా ఉతకొద్దు.